కృష్ణా డెల్టాలో గని ప్రమాదాలు: సమాచార నివేదన, విచారణలకు సంబంధించిన చట్ట నియమాలు

ప్రత్యేక వ్యాసం

మచిలీపట్నం: బొగ్గు గాని, ఇనుము గాని, గ్రానైటు గాని లభించని దిగువ కృష్ణా డెల్టాలో గని ప్రమాదం అన్న మాట అరుదుగా వినిపిస్తుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో వరి చేలు, చేపల చెరువులు, లంక భూములు ఉన్నవే గాని గనులు ఎక్కడివన్న ప్రశ్న సహజమే. అయితే చట్టం గనికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఈ ప్రాంతంలోనూ గనులు ఉన్నవి. సహజవాయువు కోసం తవ్విన బావి గని. నిర్ణీత హద్దు దాటిన ఇసుక తవ్వకం కూడా పూర్తి గని నియమాలకు లోబడుతుంది. ఈ సంగతి తెలియనందువలన అట్టి చోట జరిగిన ప్రమాదం కేవలం పోలీసు కేసుగా ముగిసిపోయే అవకాశం ఉన్నది. అట్లు ముగిసినప్పుడు మరణించిన వ్యక్తి కుటుంబానికి ప్రమాద కారణం తెలియదు. అదే కారణం వలన మరొక చోట మరొకరు మరణించకుండా నివారించే మార్గమూ మూసుకొనిపోతుంది. ఈ నేపథ్యంలో పత్రికా ప్రతినిధులకు, మండల, డివిజను స్థాయి అధికారులకు ఉపయోగపడు నిమిత్తం సంబంధిత నియమాలు ఇక్కడ వివరింపబడినవి.

చట్టం మారిన తేదీ

గనులలో భద్రతకు సంబంధించి దేశంలో ఏడు దశాబ్దాలకు పైగా 1952 నాటి గనుల చట్టం అమలులో ఉన్నది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అమలులోకి రావడంతో 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో ఈ కోడ్ వర్తిస్తున్నది. పాత చట్టం క్రింద జారీ అయిన నిబంధనలు కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు, వాటి స్థానంలో కొత్తవి వచ్చే వరకు కొనసాగుతాయి. అందువలన ఏ ప్రమాదాన్ని పరిశీలించినా మొదట దాని తేదీని చూడవలెను. 2025 నవంబరు 21కి పూర్వం జరిగినదైతే 1952 చట్టం, తరువాత జరిగినదైతే 2020 కోడ్ ఆధారమవుతాయి.

మరొక మూల విషయం ఉన్నది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 55వ పద్దు ప్రకారం గనులలోను, చమురు క్షేత్రాలలోను కార్మికుల భద్రత కేంద్ర ప్రభుత్వ పరిధిలోని అంశం. లీజులు, అనుమతులు, సీనరేజి వసూలు రాష్ట్ర గనుల, భూగర్భ శాఖ చూస్తుంది. ప్రమాద కారణాల విచారణ మాత్రం ధన్‌బాద్ ప్రధాన కేంద్రంగా గల గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ చేస్తుంది. ఈ సంస్థ 1902లో ఏర్పడినది. రాష్ట్ర శాఖ లీజుదారునికి నోటీసు ఇచ్చినంత మాత్రాన భద్రతా విచారణ పూర్తయినట్లు కాదు.

డెల్టాలో గని అంటే ఏది

1952 చట్టం రెండవ సెక్షను ప్రకారం ఖనిజాన్ని వెదకుటకు గాని, పొందుటకు గాని జరిపే ఏ తవ్వకమైనా గనియే. బోరు రంధ్రాలు, చమురు బావులు, ముడిచమురును శుద్ధికి అనువుగా సిద్ధపరచు అనుబంధ కేంద్రాలు, చమురు క్షేత్రం లోపల ఖనిజ తైలాన్ని చేరవేసే గొట్టాలు కూడా ఇందులో చేరి ఉన్నవి. సహజవాయువు, పెట్రోలియం రెండూ ఖనిజాలేనని అదే సెక్షను స్పష్టపరచినది. కొత్త కోడ్‌లోని నిర్వచనం కూడా ఇదే బాటలో ఉన్నది.

ఈ నిర్వచనం కృష్ణా–గోదావరి బేసిన్‌కు నేరుగా వర్తిస్తుంది. గుడివాడకు తూర్పు దిక్కున లింగాల, కైకలూరు వాయు క్షేత్రాలు ఉన్నవి. దివిసీమలోని నాగాయలంక పరిసరాలలో కేజీ–ఓఎన్ఎన్–2003/1 బ్లాకులో చమురు, వాయు నిక్షేపాలు కనుగొనబడినవి. వరి చేల మధ్య నిలిచిన డ్రిల్లింగ్ రిగ్గు చూచువారికి కర్మాగారం వలె కనిపించవచ్చును. చట్టం దృష్టిలో అది గని. అక్కడ పనిచేసే రిగ్గు కార్మికుడు సింగరేణిలో భూగర్భంలోకి దిగే కార్మికుని వలెనే గని కార్మికుడు. ఈ బావులకు ప్రత్యేకించి 1984లో చమురు గనుల నిబంధనలు రూపొందినవి. వాటి స్థానంలో 2017 నాటి నిబంధనలు వచ్చినవి.

చేపల చెరువు తవ్వకం సంగతి వేరు. అక్కడి ఉద్దేశం ఖనిజం పొందుట కానందున సాధారణంగా అది గని కాదు. అయితే చెరువు పేరిట మట్టిని తవ్వి విక్రయించినప్పుడు పరిస్థితి మారుతుంది. గట్లు, రోడ్లు, మెరకలు వేయుటకు వాడే సాధారణ మట్టిని కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరి 3న చిన్న తరహా ఖనిజంగా ప్రకటించినది. కావున ప్రమాద స్థలానికి వెళ్ళిన అధికారి ఆ గుంతను ఎందుకు తవ్వినారు, మట్టి ఎక్కడికి పోయినది అను రెండు ప్రశ్నలకు సమాధానం నమోదు చేయవలెను.

ఇసుక తవ్వకాలు: ఆరు మీటర్ల హద్దు

కృష్ణా నదీ తీరంలో ప్రజలకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇసుక రీచ్‌లు. సాధారణ ఇసుక, సాధారణ బంకమట్టి, గులక, మొరం వంటి వాటి తవ్వకాలకు 1952 చట్టం మూడవ సెక్షను మినహాయింపు ఇచ్చినది. ఆ మినహాయింపు షరతులతో కూడినది. బహిరంగ తవ్వకం లోతు పై అంచు నుండి అడుగు వరకు ఎక్కడా ఆరు మీటర్లు మించరాదు. ఏ ఒక్క రోజున కూడా 50 మందికి మించి పనిలో ఉండరాదు. పేలుడు పదార్థాలు వాడరాదు. ఈ మూడూ పాటించిన రీచ్‌కు ప్రమాద నివేదన నియమం వర్తించదు. ఇట్టి మినహాయింపు విధానం కోడ్‌లోనూ కొనసాగుతున్నది.

ఇందులో గమనింపదగిన అంశం ఒకటి ఉన్నది. షరతులలో ఏ ఒక్కటి తప్పినా మినహాయింపు దానంతట అదే తొలగిపోతుంది. అందుకు ఏ అధికారి ఉత్తర్వూ అవసరం లేదు. హద్దు దాటినట్లు సంబంధిత అధికారికి తెలియజేయు బాధ్యత కూడా యజమానిపైననే ఉన్నది. కావున ఇసుక గుంతలో ఎవరైనా మునిగి మరణించినప్పుడు, లేదా గట్టు విరిగిపడి కూలీ మరణించినప్పుడు, గుంత లోతును కొలిచి నమోదు చేయుట అత్యంత ముఖ్యం. వరద వచ్చి గుంత పూడిపోయిన తరువాత ఆ కొలత తీసుకొనుట ఎవరికీ సాధ్యం కాదు. కొలత లేనప్పుడు ఏ చట్టం వర్తించునో తేల్చుట కూడా కష్టమే.

మరణించినది కార్మికుడు కానంత మాత్రాన నివేదించు బాధ్యత తొలగదు. గనిలో గాని, గని పరిసరాలలో గాని ప్రాణనష్టం కలిగించిన ప్రమాదం అని 1952 చట్టం పేర్కొన్నది. మృతుడు కార్మికుడై ఉండవలెనని అనలేదు.

ఎవరు, ఎవరికి, ఎప్పటిలోగా

తెలియజేయవలసిన బాధ్యత యజమాని, ఏజెంటు, మేనేజరులది. 1952 చట్టం 23వ సెక్షను ప్రకారం ప్రాణనష్టం లేదా తీవ్రమైన శరీర గాయం, పేలుడు, మంటలు, నీరు హఠాత్తుగా చొరబడుట, మండే స్వభావం గల లేదా విష వాయువులు వెలువడుట, తవ్వకంలో ఏ భాగమైనా అకాలంగా కూలుట వంటి సంఘటనలను తెలియజేయవలసి ఉండెను. ఎముక విరుగుట, చూపు లేదా వినికిడి శాశ్వతంగా దెబ్బతినుట, అవయవ నష్టం తీవ్ర గాయం క్రిందికి వస్తాయి. తీవ్రం కాకపోయినా 72 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేని గాయాలను రిజిస్టరులో వ్రాసి, మూడు నెలలకొకసారి ప్రధాన ఇన్‌స్పెక్టరుకు పంపవలసి ఉండెను.

2020 కోడ్ పదవ సెక్షను ఈ కొలతను మార్చినది. మరణంతో పాటు, గాయపడిన వ్యక్తి 48 గంటలు లేదా అంతకు మించి పని చేయలేని స్థితి కలిగించిన ప్రతి ప్రమాదాన్నీ ఇప్పుడు నోటీసు ద్వారా తెలియజేయవలసి ఉంటుంది. పూర్వం రిజిస్టరులో మాత్రమే నమోదయ్యే అనేక గాయాలు నోటీసు పరిధిలోకి వచ్చినవి. పాత 72 గంటల లెక్కను అలవాటుగా అనుసరించే యాజమాన్యాలు ఈ మార్పును గమనింపవలెను.

సమయం విషయంలో 1952 చట్టం క్రింది నిబంధనలు రెండు మెట్లు ఏర్పరచినవి. మొదటిది తక్షణ సమాచారం. ప్రమాదం జరిగిన వెంటనే టెలిఫోను వంటి అతి శీఘ్ర సాధనంతో ప్రాంతీయ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయవలెను. రెండవది లిఖితపూర్వక నోటీసు. దీనిని నిర్ణీత నమూనాలో 24 గంటలలోగా పంపవలెను. గాయపడిన వ్యక్తి తరువాత మరణించినా, స్వల్పమనుకొన్న గాయం తీవ్రమని తేలినా, ఆ సంగతి తెలిసిన 24 గంటలలోగా మరల నోటీసు ఇవ్వవలెను. ఆసుపత్రిలో పది రోజుల తరువాత సంభవించిన మరణం లెక్కలోకి రాకుండా పోరాదన్నదే ఈ నియమం ఉద్దేశం. కోడ్ క్రింద కొత్త నిబంధనలు ప్రకటితమైనంత మేరకు వాటిలోని నమూనాలను, గడువులను అనుసరింపవలెను.

పాత చట్టంలో పత్రికా ప్రతినిధులకు ఆసక్తి కలిగించే నియమం మరొకటి ఉండెను. నోటీసు ప్రతి ఒకటి కార్మిక సంఘాల ప్రతినిధులు చూడగల చోట ప్రత్యేక బోర్డుపై అంటించి, 14 రోజుల పాటు ఉంచవలసి ఉండెను. ప్రమాదం గురించి యాజమాన్యం ప్రభుత్వానికి ఏమి వ్రాసినదో తోటి కార్మికులు చదువుకొనగలుగుటకు ఇది ఆధారమైనది.

జిల్లా పరిధిని కూడా సరిచూచుకొనవలెను. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాలు ఏలూరు జిల్లాలో చేరినవి. గుడివాడ కృష్ణా జిల్లాలోనే ఉన్నది. పాత అలవాటు ప్రకారం మచిలీపట్నం కలెక్టరేటుకు చేరిన కాగితం వేరొక జిల్లాకు సంబంధించినదైతే విలువైన గంటలు వృథా అవుతాయి. ప్రమాదం జరిగిన నాటికి ఆ గ్రామం ఏ జిల్లాలో ఉన్నదో అదే ప్రమాణం.

ప్రాణనష్టం లేకపోయినా

ఎవరూ మరణించలేదు గనుక తెలియజేయనవసరం లేదన్న అభిప్రాయం సరి కాదు. ఇందుకు పొరుగున గల గోదావరి డెల్టాయే నిదర్శనం. 1995 జనవరి 8న నాటి తూర్పు గోదావరి జిల్లాలోని పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలో బ్లో అవుట్ సంభవించినది. భూగర్భంలోని వాయువు అదుపు తప్పి పైకి ఎగజిమ్మి అంటుకొన్నది. ఆ మంటలు 65 రోజుల పాటు మండినవి. పరిసర గ్రామాల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చినది. విదేశీ నిపుణుల సహాయంతో గాని మంటలు అదుపులోకి రాలేదు.

పేలుడు, మంటలు, వాయువు వెలువడుట ఒక్కొక్కటీ విడివిడిగా నివేదింపదగిన సంఘటనలే. కోడ్ పదకొండవ సెక్షను కూడా గాయం కలిగినా, కలుగకపోయినా నిర్ణీత ప్రమాదకర సంఘటనలను తెలియజేయవలెనని చెప్పుచున్నది. బావి తల వద్ద పీడనం అదుపు తప్పిన చిన్న సంఘటన రేపటి పెద్ద ప్రమాదానికి ముందస్తు సూచన కావచ్చును. ఆ సూచన నమోదైతేనే తక్కిన బావులను సరిచూచుకొనే వీలు కలుగుతుంది.

సమాచారం అందకపోవుట ఎంతటి నష్టానికి దారి తీయునో దివిసీమ వాసులకు వేరుగా చెప్పనవసరం లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత రహదారులు, టెలిఫోను తీగలు తెగిపోయి, అక్కడి విధ్వంసం బయటి వారికి తెలియుటకే జాప్యం జరిగినది. తుపాను ప్రకృతి వైపరీత్యం. బావిలోనో, గుంతలోనో జరిగిన ప్రమాదం అట్టిది కాదు. దాని సమాచారం ఒక్క టెలిఫోను పిలుపు దూరంలోనే ఉంటుంది.

ప్రమాద స్థలాన్ని కదల్చరాదు

ప్రాణనష్టం లేదా తీవ్ర గాయం కలిగినప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చు వరకు, లేదా ఆయన సమ్మతి లేకుండా ప్రమాద స్థలాన్ని మార్చరాదని 1952 చట్టం నియమించినది. మరింత ప్రమాదం నివారించుటకు, మృతదేహాలను తీయుటకు, ఆపదలో ఉన్నవారిని రక్షించుటకు మినహాయింపు ఉన్నది. పని ఆగుట వలన గని నిర్వహణకే తీవ్ర ఆటంకం కలిగే సందర్భం కూడా మినహాయింపులో చేరినది. ప్రమాదం జరిగిన 72 గంటలలోగా ఇన్‌స్పెక్టరు స్థలాన్ని పరిశీలించలేకపోయినచో అక్కడ పని తిరిగి మొదలు పెట్టవచ్చును. కోడ్ అమలులోకి వచ్చిన తరువాత జరిగిన ప్రమాదాలలో ఈ వివరాలకు కోడ్ క్రింది నిబంధనలను చూడవలెను.

నియమం సారాంశం మాత్రం సులభంగా అర్థమవుతుంది. విరిగిన గొలుసు, తెగిన తాడు, జారిన గట్టు అంచు, మూతపడని కవాటం సాక్ష్యం చెప్పగల వస్తువులు. వాటిని తొలగిస్తే మిగిలేది మనుషుల మాట మాత్రమే. మొదట చేరుకొనే గ్రామ రెవెన్యూ అధికారి, పోలీసు సిబ్బంది రక్షణ పనులకు అడ్డు రాకుండానే ఛాయాచిత్రాలు, కొలతలు తీసి భద్రపరచుట మంచిది.

విచారణ మూడు దారులలో

మొదటిది ఇన్‌స్పెక్టరు విచారణ. మరణానికి సంబంధించిన నోటీసు అందిన రెండు నెలలలోగా విచారణ జరపవలెనని 1952 చట్టం చెప్పినది. కోడ్‌లోనూ రెండు నెలల గడువే ఉన్నది. ప్రమాద కారణం ఏమిటి, ఏ నియమం ఉల్లంఘన జరిగినది, బాధ్యులెవరు, పునరావృతం కాకుండా ఏమి చేయవలెను అన్నవి ఇందులో తేలవలసిన అంశాలు.

రెండవది ప్రభుత్వం ఆదేశించే లాంఛనప్రాయ విచారణ. 1952 చట్టం 24వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వం అర్హుడైన వ్యక్తిని, ఆయనకు సహాయంగా న్యాయ లేదా సాంకేతిక పరిజ్ఞానం గల అసెసర్లను నియమించగలిగి ఉండెను. సాక్షులను పిలిపించుటకు, పత్రాలు తెప్పించుటకు సివిల్ కోర్టుకు గల అధికారాలు ఆ విచారణకు ఉండెను. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చస్నాలా బొగ్గు గనిలోకి నీరు చొరబడి 375 మంది మరణించినప్పుడు ఇట్టి విచారణ జరిగినది. తెలుగు నేలపై 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు. రెండు ప్రమాదాల మధ్య 27 సంవత్సరాలకు పైగా వ్యవధి ఉన్నది. రెండింటిలోనూ ప్రాణాలు తీసినది పని జరిగే చోటికి చొచ్చుకొని వచ్చిన నీరే. ఒక విచారణలో తేలిన కారణం కాగితంపైననే నిలిచిపోకుండా ప్రతి గనికి చేరవలసిన అవసరాన్ని ఇది తెలుపుచున్నది.

మూడవది పోలీసు, మేజిస్ట్రేటు విచారణ. ప్రమాదంలో గాని, యంత్రం వలన గాని మరణం సంభవించినప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను క్రింద శవ పంచనామా జరుగుతుంది. నిర్లక్ష్యం వలన మరణమని తోచినచో భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను వర్తింపవచ్చును. ఇవి 2024 జూలై 1 నుండి అమలులో ఉన్నవి. ఈ దారులు ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. పోలీసు స్టేషనులో కేసు నమోదైనందున గని నోటీసు అవసరం లేదనుట పొరపాటు.

అదే వాయువు, వేరొక చట్టం

వాయువుకు సంబంధించిన ప్రమాదాలన్నీ గని ప్రమాదాలు కావు. 2014 జూన్ 27న నాటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ గొట్టపు మార్గం పేలి 20 మందికి పైగా మరణించినారు. తాటిపాక నుండి విజయవాడ సమీపంలోని కొండపల్లికి వాయువును చేరవేసే మార్గమది. చమురు క్షేత్రం లోపలి గొట్టం గని నిర్వచనంలో భాగం. క్షేత్రం వెలుపల వాయువును దూర ప్రాంతాలకు చేరవేసే మార్గం మాత్రం పెట్రోలియం, గొట్టపు మార్గాల చట్టాల పరిధిలోనిది. అట్లే మచిలీపట్నం తీరానికి ఆవల సముద్రంలో జరిగే చమురు, వాయు కార్యకలాపాల భద్రతకు 2008 నాటి నిబంధనల క్రింద ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ అధికార సంస్థగా ఉన్నది. వార్తలో ఏ సంస్థ విచారణ జరుపుచున్నదో వ్రాయుటకు ముందు ప్రమాదం బావి వద్ద జరిగినదా, క్షేత్రపు గొట్టంలోనా, రవాణా మార్గంలోనా, సముద్రంలోనా అన్నది తేల్చుకొనవలెను.

శిక్షలు, పరిహారం

నోటీసు ఇవ్వనందుకు 1952 చట్టంలో గరిష్ఠంగా మూడు నెలల జైలు లేదా 500 రూపాయల జరిమానా లేదా రెండూ విధించు వీలుండెను. కాలక్రమంలో ఆ జరిమానా నామమాత్రమైనది. కోడ్‌లో జరిమానాలు లక్షల రూపాయలకు పెరిగినవి. విధి నిర్వహణలో లోపం మరణానికి దారి తీసినచో రెండేళ్ళ వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. ఆ జరిమానాలో కనీసం సగం మృతుని వారసులకు ఇప్పించు అధికారం న్యాయస్థానానికి ఉన్నది. ఇది ఉద్యోగి పరిహారానికి అదనం. పరిహారం విషయం సామాజిక భద్రతా కోడ్, 2020 చూచుచున్నది.

వలస కార్మికుల విషయంలో ఈ నియమాల విలువ మరింత అధికం. 2025 ఆగస్టు 3న నాటి బాపట్ల జిల్లా బల్లికురవ వద్ద గ్రానైట్ క్వారీలో బండ విరిగిపడి ఒడిశాకు చెందిన ఆరుగురు కార్మికులు మరణించినారు. కృష్ణా నదికి ఆవలి ఒడ్డు జిల్లాలో జరిగిన ఈ ప్రమాదం డెల్టా వాసులకు దూరపు వార్త కాదు. దూర రాష్ట్రంలోని కుటుంబం ఇక్కడి కార్యాలయాల చుట్టూ తిరగలేదు. వారి పక్షాన నిలిచేది 24 గంటలలో పంపిన నోటీసు, అందులో సరిగా వ్రాసిన పేరు, వయస్సు, పని, ప్రమాద సమయం.

ప్రమాద స్థలంలో అడుగవలసిన ప్రశ్నలు

ప్రమాద వార్త అందినప్పుడు అధికారులు, పత్రికా ప్రతినిధులు ఈ క్రింది విషయాలు తెలుసుకొనుట ఉపయోగకరం.

1. తవ్వకం ఏ ఖనిజం కోసం జరిగినది? లీజు లేదా అనుమతి ఎవరి పేరిట ఉన్నది?

2. గుంత లోతు ఎంత? ఆ రోజు ఎందరు పనిలో ఉన్నారు? పేలుడు పదార్థాలు వాడినారా?

3. గనుల భద్రతా డైరెక్టరేట్‌కు తక్షణ సమాచారం ఏ గంటకు అందినది? లిఖితపూర్వక నోటీసు ఏ తేదీన పంపినారు?

4. ప్రమాద స్థలం యథాతథంగా ఉన్నదా? మార్చినచో ఎవరి అనుమతితో, ఏ కారణం చేత?

5. గాయపడినవారు ఏ ఆసుపత్రిలో ఉన్నారు? 48 గంటల తరువాత వారి పరిస్థితి ఏమిటి?

6. రెండు నెలల గడువు ఏ తేదీతో ముగియుచున్నది?

చివరి ప్రశ్న సాధారణంగా మరుగున పడుతుంది. ప్రమాదం జరిగిన నాడు పతాక శీర్షికలలో నిలిచిన వార్త రెండు నెలలకు ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు. గడువు తేదీని డైరీలో వ్రాసుకొని, ఆ రోజున విచారణ ఫలితం అడిగిన విలేకరి, అడిగిన తహసీల్దారు ఈ నియమాలను సజీవంగా ఉంచినవారవుతారు. అవసరమైనచో సమాచార హక్కు చట్టం, 2005 క్రింద దరఖాస్తు చేసుకొనవచ్చును. మృతుని కుటుంబానికి ప్రమాద కారణాన్ని వ్రాతపూర్వకంగా తెలుసుకొనే మార్గం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.